ఉగ్గాని బండీ, ఆరేళ్ల జీతమూ

(అనంతపురంలో ఒక ఆదివారం పొద్దున కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినోళ్లు ముందుకు రండప్పా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు కొంచెం గరగరమంటోంది. సర్దుకోండి.

ముందే చెప్పేస్తా, నేను వకీలును కాను. తాడిపత్రి దగ్గర ఒక నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో ఏడేళ్లు మిషన్ మీద పనిచేసినవాణ్ని. ఫ్యాక్టరీ పేరు ఇప్పుడు అనవసరం. 2006 మే 31 సాయంత్రం షిఫ్టు దిగి, తొట్టి దగ్గర చేతులకున్న రాతిబురద కడుక్కుంటున్నా. మేస్త్రీ వచ్చి, "రేపట్నుంచి నువ్వు రావద్దంట" అన్నాడు. ఎవరన్నారు? "పైనోళ్లు." ఎందుకంట? "నాకేం తెలుసు." అంతే. నోటీసు లేదు, చార్జిషీటు లేదు, విచారణ లేదు. ఆ "అంట" అనే ఒక్క మాట మీద నేను తొమ్మిదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాను.

అక్రమంగా పనిలోంచి తీసేస్తే ఆగిపోయిన జీతం వస్తుందా రాదా, దాని గురించి చెప్పమన్నారు నన్ను. వస్తుంది. నాకు వచ్చింది. అయితే సగమే వచ్చింది. ఆ మిగతా సగం ఎందుకు రాలేదో చెప్పడానికే ఈరోజు వచ్చాను, ఎందుకంటే అందులో తప్పు నాది. నా దగ్గరికి కాగితాలు రాయించుకోవడానికి వచ్చేవాళ్లంతా తీసేసిన రోజు గురించే చెబుతారు. ఎవరు తిట్టారు, ఎవరు గేటు మూశారు అని. కేసు గెలవడానికి అది కావాలి. డబ్బు లెక్క మాత్రం తేలేది ఆ రోజు మీద కాదు. ఆ తర్వాత ఇన్నేళ్లూ నువ్వు ఎలా బతికావు, బతికినదాన్ని కోర్టులో ఎలా చెప్పావు, దాని మీద తేలుతుంది.

పని పోయిన నాలుగో నెలలో మా ఇంటామె, నేను ఉగ్గాని బండి పెట్టుకున్నాం. మన దగ్గర పొద్దున పూట ఉగ్గాని, బజ్జీ అమ్మితే ఎవరూ ఆకలితో చావరు కదా. ఆమె తెల్లారుజామున నాలుగింటికి లేచి పప్పుల పొడి కొట్టేది, నేను బొరుగులు నానబెట్టి పిండేవాణ్ని. గ్యాసు, నూనె, మిరపకాయలు అన్నీ పోను రోజుకు అరవై, డెబ్బై మిగిలేది. ఫ్యాక్టరీలో నా జీతం నెలకు 4,200. అంటే రోజుకు 140. అందులో సగం కూడా దాటదు, అదీ ఇద్దరి కష్టం.

లేబర్ కోర్టులో ప్రమాణం చేసి ఏం చెప్పానో తెలుసా? "పని పోయినప్పటి నుంచి నాకు ఏ ఆదాయమూ లేదు" అని. ఎవరో చెప్పారు, అలా చెబితేనే డబ్బు వస్తుందని. బండి మాట బయటపడితే మొత్తం పోతుందని భయం.

క్రాస్ ఎగ్జామినేషన్ రోజు మేనేజ్‌మెంట్ వకీలు ఒక ఫోటో తీసి నా ముందు పెట్టాడు. మూలన నారింజ రంగు అంకెల్లో తేదీ పడి ఉంది. మా బండే. స్టీలు బేసిన్‌లో పచ్చగా ఉగ్గాని, మా ఇంటామె చెయ్యి గరిటె మీద, పక్కన నేను చిల్లర లెక్కపెడుతూ. పక్కింటి పిల్లోడు ఆరోజు కెమెరా పట్టుకుని తిరుగుతుంటే సరదాగా తీస్తున్నాడనుకున్నా! ఆ వకీలు గొంతు కూడా పెంచలేదు. చాలా మర్యాదగా, "రోజుకు ఎన్ని శేర్ల బొరుగులు నానబెడతారండీ?" అని అడిగాడు. కోర్టు హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను నోరు తెరిచాను, మాట రాలేదు.

2012లో తీర్పు వచ్చింది. నన్ను తీసెయ్యడం చట్టవిరుద్ధం, తిరిగి పనిలోకి తీసుకోవాలి అన్నారు. జీతం దగ్గరికి వచ్చేసరికి, పిటిషనరు తన సంపాదన సంగతి దాచాడు కాబట్టి సగమే అని రాశారు. ఆరేళ్లు, 72 నెలలు, నెలకు 4,200. మొత్తం 3,02,400. చేతికి రావాల్సింది 1,51,200. మిగతా 1,51,200 నేనే పోగొట్టుకున్నా.

ఆరోజు వరండాలో మా వకీలు గారు నా మీద కోప్పడ్డారు. "బండి పెట్టుకున్నానని నాతో ఒక్క మాట చెప్పుంటే నీకొచ్చే నష్టం ఏంటయ్యా?" అని. అప్పుడే ఒక పాత కేసు చెప్పారు. 1984లో సుప్రీంకోర్టుకు వచ్చిన ఢిల్లీ కేసు. ఉద్యోగం పోయిన ఒకాయన భార్యాబిడ్డలతో మామగారింట్లో తలదాచుకున్నాడు. మామకు బొగ్గుల డిపో ఉంది, అక్కడ కూర్చుని సాయం చేసేవాడు. అది ఉద్యోగమే, కాబట్టి పాత జీతం ఇవ్వక్కర్లేదని యాజమాన్యం వాదన. జస్టిస్ డి.ఎ. దేశాయ్ ఒప్పుకోలేదు. ఇదీ ఉద్యోగమే అయితే, కడుపు కోసం అడుక్కున్నవాడిది కూడా ఉద్యోగమేనంటారు రేపు, అన్నట్టుగా రాశారు. ప్రాణం నిలబెట్టుకోవడానికి చేసే తంటా వేరు, పోయిన ఉద్యోగంతో సమానమైన సంపాదన వేరు. బొగ్గుల డిపోలో కూర్చోవడమే ఉద్యోగం కానప్పుడు మా బొరుగుల బండి ఎట్లా అవుతుంది? ఆ కేసు నాకు అచ్చంగా సరిపోయేది. నేను దాచకపోయి ఉంటే.

ఇప్పుడు కొంచెం చట్టం సంగతి. నిద్ర వస్తే పర్లేదు, మెలకువగా ఉన్నోళ్లు తర్వాత పక్కోళ్లకు చెప్పండి.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్ అని ఒక సెక్షన్ ఉండేది. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసినవాణ్ని, తప్పు చేశాడని కాకుండా వేరే కారణంతో తీసెయ్యాలంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం చేతిలో పెట్టాలి. దాంతోపాటు చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం పరిహారం. నా లెక్క వెయ్యండి. ఏడేళ్లకు ఏడు సార్లు 2,100, అది 14,700. నోటీసు జీతం 4,200. మొత్తం 18,900. ఆ 18,900 ఇచ్చి ఒక కాగితం రాసి ఉంటే నా కేసు సగం అక్కడే చచ్చిపోయేది. దాన్ని మిగుల్చుకోబోయి ఎన్ని లక్షలు పోగొట్టుకున్నారో చూడండి. తప్పు చేశాడని తీసేస్తే మాత్రం చార్జిషీటు, విచారణ, మన వాదన వినడం, ఇవన్నీ జరగాలి. ఆ 240 రోజులు చేశానని నిరూపించాల్సిన భారం మనదే. నా దగ్గర హాజరు కార్డు లేదు, ఒక పీఎఫ్ స్లిప్పు దొరికి బతికించింది. మీ స్లిప్పులు, ఇప్పుడైతే పీఎఫ్ పాస్‌బుక్కు, పని ఉన్నప్పుడే ఫోన్లోంచి ప్రింటు తీసి ఇంట్లో పెట్టుకోండి.

జీతం సంగతిలో కోర్టులు కూడా ఒకే మాట మీద నిలబడలేదు. 1978లో హిందుస్థాన్ టిన్ వర్క్స్ కేసులో, అక్రమంగా తీసేస్తే పూర్తి జీతం ఇవ్వడమే మామూలు పద్ధతి అని సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పి, ఆ కేసులో కంపెనీ నష్టాలు చూసి 75 శాతమే ఇచ్చింది! ఆ తర్వాత 2005, 2006 ప్రాంతంలో గాలి మారింది. జీతం దానంతటదే రాదు, నాకు వేరే పని దొరకలేదని ముందు కార్మికుడే చెప్పుకోవాలి అన్నారు. నా కేసు సరిగ్గా ఆ కాలంలో పడింది. మళ్లీ 2013 ఆగస్టు 12న, ఒక మహారాష్ట్ర టీచరమ్మ కేసులో జస్టిస్ సింఘ్వి బెంచి సంగతి తేల్చింది. నేను వేరే ఎక్కడా పనిలో లేను, లేదా ఇంతకంటే తక్కువకు చేస్తున్నాను అని కార్మికుడు పిటిషన్‌లో చెప్పాలి, లేకపోతే మొదటి కోర్టులో సాక్ష్యంలో అయినా చెప్పాలి. చెప్పాక, కాదు వీడికి మంచి సంపాదన ఉంది అని నిరూపించాల్సింది యాజమాన్యమే.

గమనించారా? "లేదా ఇంతకంటే తక్కువకు". చేస్తున్నానని చెప్పుకోవడానికి చట్టమే చోటిచ్చింది. మనమే భయపడి దాక్కుంటున్నాం.

ఇంకో పెద్ద గుంత ఉంది. యాజమాన్యం కోర్టులో చెప్పే మొదటి మాట ఏంటో తెలుసా? "మేము తియ్యలేదండీ, ఆయనే మానేశాడు." నూటికి తొంభై కేసుల్లో ఇదే పాట. (నవ్వులు.) నవ్వుతున్నారంటే మీకూ తెలుసన్నమాట. నా అదృష్టం, మా బావమరిది మాట విని మర్నాడే రిజిస్టరు పోస్టులో ఒక ఉత్తరం పంపాను. "నిన్న సాయంత్రం మేస్త్రీ రావద్దన్నాడు. నేను పనికి సిద్ధంగా ఉన్నాను. రావద్దంటే కారణం రాసి ఇవ్వండి." మూడు వాక్యాలు. ఆ అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు మీద ఆఫీసు ముద్ర పడి వెనక్కి వచ్చింది. లేబర్ కోర్టులో నా వైపు నిలబడిన మొదటి సాక్షి ఆ పచ్చకార్డే. ఇప్పుడు రిజిస్టరు పోస్టును స్పీడు పోస్టులో కలిపేశారు, స్పీడు పోస్టు పంపండి. వాట్సాప్ కూడా పెట్టండి, కానీ దాని మీదే ఆధారపడొద్దు. ఒకవేళ నిజంగానే కొన్నాళ్లు రాలేదనుకోండి, అప్పుడు కూడా విచారణ లేకుండా పేరు కొట్టెయ్యడానికి లేదని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో కార్మికుడికి పని తిరిగి ఇచ్చి సగం జీతం ఇప్పించారు.

రాజీ సమావేశంలో, అంటే లేబర్ ఆఫీసులో, యాజమాన్యం మనిషి నవ్వుతూ, "మాకేం అభ్యంతరం లేదు, రమ్మనండి, రేపే చేరమనండి" అంటాడు. మనోడికి రోషం. "ఇంత జరిగాక వాళ్ల గడప తొక్కుతానా?" అంటాడు. అయిపోయింది! రమ్మన్నాం, రాలేదు అని కాగితం మీద పడుతుంది, ఆరోజు నుంచి జీతం అడిగే దారి మూసుకుపోయినట్టే. రమ్మంటే వెళ్లండి. టిఫిన్ క్యారియర్ పట్టుకుని పొద్దున్నే గేటు దగ్గర నిలబడండి. లోపలికి రానివ్వకపోతే గేటు ఎదురుగా ఉన్న టీ అంగడిలో కూర్చుని, ఏ టైముకు వచ్చాను, ఎవరు ఆపారు, ఏమన్నారు అని రాసి అదేరోజు పోస్టు చెయ్యండి. నేను రెండుసార్లు అట్లా నిలబడ్డాను. వాచ్‌మన్ నాకు బాగా తెలిసినోడే, కళ్లెత్తి చూడలేక రోడ్డు వైపు చూస్తూ "పైనోళ్లు వద్దన్నారన్నా" అన్నాడు. ఆ మాట కూడా రాశాను.

తీర్పు వచ్చాక అంతా అయిపోయిందనుకున్నా. యాజమాన్యం హైదరాబాదులో హైకోర్టుకు పోయింది. మనకు అప్పటికి అదే హైకోర్టు. అమరావతికి వచ్చింది 2019 జనవరి 1న కదా. తీర్పు మీద స్టే. అప్పుడు అదే 1947 చట్టంలోని 17బి అనే సెక్షన్ నన్ను నిలబెట్టింది. పనిలోకి తీసుకోమన్న తీర్పు మీద యాజమాన్యం పైకోర్టుకు పోతే, అక్కడ కేసు నడిచినన్నాళ్లూ ఆఖరిసారి తీసుకున్న జీతం నెలనెలా ఇవ్వాలి. మనం ఎక్కడా ఉద్యోగంలో లేమని అఫిడవిట్ వెయ్యాలి. ఈసారి మొదటి పేరాలోనే రాయించాను. "నేను, నా భార్య ఉగ్గాని బండి నడుపుతున్నాం, రోజుకు ఇంత మిగులుతుంది, ఏ సంస్థలోనూ ఉద్యోగంలో లేను." అవతలి వకీలు దగ్గర ఆ ఫోటో ఇంకా ఉందో లేదో తెలియదు గానీ, తీసినా ఇక పనికిరాదు. హైకోర్టు 17బి ఇచ్చింది. నెలకు 4,200. అప్పటికి అదే మిషన్ మీద కొత్త కుర్రాడికి 9,000 ఇస్తున్నారు, నాకు మాత్రం పాతదే. చివరగా తీసుకున్న జీతమంటే అదేనని, పెరిగినది కాదని 1997లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పులోనే మంచి మాట కూడా ఉంది, రేపు కేసు ఓడిపోయినా ఈ డబ్బు వెనక్కి ఇవ్వక్కర్లేదు. ఆ 4,200 వచ్చిన మొదటి నెల మా ఇంటామె బండికి ఒకరోజు సెలవు పెట్టింది. ఆరేళ్లలో అదే మొదటి సెలవు, పండగలకు కూడా పెట్టలేదు. పండగ రోజే గిరాకీ ఎక్కువ కదా.

2015లో హైకోర్టు లేబర్ కోర్టు తీర్పునే ఖాయం చేసింది.

ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లు జాగ్రత్తగా వినండి. ఇంతసేపూ చెప్పిన నంబర్లు పాత చట్టానివి. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. 17బి లాంటి ఏర్పాటు అందులోనూ ఉంది, నంబరు మారింది. మారిన వాటిలో మనకు అన్నిటికంటే దెబ్బ గడువు. పాత చట్టంలో, 2010 సవరణ తర్వాత, తీసేసిన మూడేళ్ల లోపు లేబర్ కోర్టుకు వెళ్లే వీలుండేది. కొత్త దాంట్లో వివాదం మొదలైన రెండేళ్లు దాటితే రాజీ అధికారి దాన్ని చేపట్టడానికే లేదు. రాజీ కుదరలేదని ఆయన నివేదిక వచ్చాక 90 రోజుల్లో ట్రైబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవాలి. లేబర్ కోర్టు అన్న పేరే పోయింది. "పండగ పోనీ, పెళ్లి పోనీ, ముంగారు విత్తనం పడనీ" అనుకుంటూ ఉంటే రెండేళ్లు ఇట్టే పోతాయి. శనక్కాయ రెండు పంటలు ఎండిపోయేంత టైము, అంతే.

అందరికీ పని తిరిగి వస్తుందని కూడా ఆశ పెట్టను. రోజుకూలీల విషయంలో, కేవలం నోటీసు, పరిహారం ఇవ్వలేదన్న లోపం మీద గెలిస్తే, పనికి బదులు ఒకేసారి కొంత డబ్బు ఇప్పించడం ఎక్కువైంది. 2013లో బీఎస్ఎన్ఎల్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారినే వివరంగా చెప్పింది. సూపర్‌వైజర్లది ఇంకో తంటా. కొత్త కోడ్ ప్రకారం సూపర్‌వైజరు పని చేస్తూ నెలకు 18,000 దాటితే కార్మికుడి కింద లెక్కకు రాడు. అయితే పిలిచే పేరును బట్టి కాదు, చేసే పనిని బట్టి చూస్తారు. రాయి ఎత్తేవాడికి సూపర్‌వైజరని కార్డు ఇస్తే వాడు సూపర్‌వైజరు అయిపోడు.

అర్జీలో ఏం అడగాలో కూడా చెప్పాలి. "పని, పాత జీతం" అని రాసి ఊరుకోవద్దు. "సర్వీసు కొనసాగింపుతో, మిగతా అన్ని ప్రయోజనాలతో" అని రాయాలి. సర్వీసు కొనసాగింపు ఒక్కటే ఇచ్చి ప్రయోజనాల మాట ఎత్తకపోతే, బయట ఉన్న ఏళ్లకు ఇంక్రిమెంట్లు అడగడానికి లేదని మన ఆర్టీసీ కేసులోనే 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క వాక్యం మర్చిపోతే బతుకంతా తక్కువ బేసిక్ మీద పనిచెయ్యాలి.

తెల్లకాగితం మీద సంతకం సంగతి చెప్పనక్కర్లేదనుకుంటా. చెప్పాలా? పెట్టొద్దు. "ఫుల్ అండ్ ఫైనల్" అని ఉన్న వోచరు మీద కూడా చదవకుండా పెట్టొద్దు. ఇంట్లో పిల్లకు జ్వరం, డబ్బు కావాలి, తీసుకోక తప్పదు అన్నప్పుడు, సంతకం పైన "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని మీ చేత్తో రాసి, ఫోటో తీసుకోండి.

తీర్పు వచ్చినా డబ్బు ఇవ్వకపోతే ఏం చెయ్యాలి? ప్రభుత్వానికి అర్జీ పెడితే రికవరీ సర్టిఫికెట్ కలెక్టరుకు వెళ్తుంది. భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టు వసూలు చేస్తారు. నాకు అంతదాకా రాలేదు. తహసీల్దారు మనుషులు ఫ్యాక్టరీకి వస్తారని తెలియగానే చెక్కు వచ్చేసింది.

ఇక అడగాలనుకున్నోళ్లు అడగండి. ఆ మూల అక్క చెయ్యి ఎత్తారు. గట్టిగా చెప్పక్కా, వినబడలేదు. (ప్రశ్న.) రాయదుర్గంలో జీన్స్ కుట్టే చోట తీసేశారంట, ఇప్పుడు ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతున్నారంట. అది రాస్తే కేసు చెడిపోతుందేమోనని అడుగుతున్నారు.

రాయండక్కా. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. నెలకు ఎన్ని జాకెట్లు, ఒక్కోదానికి ఎంత, దారానికి, కరెంటుకు ఎంత పోయింది, ఎంత మిగిలింది. ఏ నెలకా నెల. గార్మెంట్‌లో ఎంత వచ్చేదో పక్కన రాయండి. పని కోసం ఏ ఏ కంపెనీల గేట్ల దగ్గరికి పోయారో, వాళ్లు ఏమన్నారో అది కూడా. తీసేసి ఎన్నాళ్లైంది? పద్నాలుగు నెలలా? అయితే పుస్తకం రేపు మొదలుపెడదాం, అర్జీ మాత్రం ఇప్పుడే రాద్దాం, ఆధార్ తెచ్చారా?